కార్డు మీద ఏం రాస్తుందో ముందు అడగండి

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఈసారి వీడియో రికార్డింగు, ఎడిటింగు)

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ని. మా చుట్టుపక్కల ఒగ్గు కథ చెప్పే పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్లు చెప్పే మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ పూర్తిగా రికార్డు చేసి పెట్టాలని సంకల్పం. ఒక్కో కథ నాలుగైదు గంటలు నడుస్తుంది, ఒక్కోసారి తెల్లవార్లూ సాగుతుంది. నా దగ్గర పాత మినీ డీవీ క్యామ్‌కార్డర్ ఉంది గాని టేపులు దొరకడం లేదు. కార్డు మీద రికార్డయ్యేది కొందామని కోఠికి వెళితే, ఒక దుకాణంలో 4కే తీసుకోమన్నారు, ఇంకో దుకాణంలో మిర్రర్‌లెస్ కెమెరా (లెన్సు మార్చుకునే ఫొటో కెమెరా) మేలన్నారు. ఇంట్లో ఎనిమిదేళ్ల నాటి ఐ5 ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. లక్ష రూపాయలకు మించి పెట్టలేను. తేలికగా ఎడిట్ చేసుకోగల వీడియో ఇచ్చే క్యామ్‌కార్డర్ ఏదో చెప్పగలరా?

జవాబు: రెండు దుకాణాల వాళ్లూ మీకు కెమెరా గురించే చెప్పారు. ఆ కెమెరా కార్డు మీద ఏం రాస్తుందో ఎవరూ చెప్పినట్టు లేదు. లెన్సు, సెన్సరు బొమ్మ ఎంత బాగా వస్తుందో తేలుస్తాయి. ఆ బొమ్మను ఏ కోడెక్‌లో (వీడియోను కుదించి, తిరిగి విప్పే పద్ధతిలో), ఎంత బిట్‌రేట్‌తో (సెకనుకు ఎంత సమాచారం చొప్పున), ఎలాంటి ఫైలుగా భద్రపరిచిందన్నదాన్ని బట్టే మీ ల్యాప్‌టాప్ దానితో వేగగలదా, మొరాయిస్తుందా అన్నది తేలుతుంది.

మీ పాత మినీ డీవీ నుంచే మొదలుపెడదాం. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో ప్రతి ఫ్రేమునూ దేనికది విడిగా కుదించి, సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున టేపు మీద రాస్తారు. ఏ ఫ్రేము దగ్గర కోసినా పక్క ఫ్రేముతో పని పడదు కాబట్టే, ఇప్పటి ఫోన్ల పాటి శక్తి కూడా లేని ఆనాటి కంప్యూటర్ల మీద పెళ్లి క్యాసెట్లు ఎడిట్ చేయగలిగాం. కష్టమంతా టేపులోంచి బయటికి తీయడంలోనే ఉండేది. గంట టేపు ఎక్కించడానికి గంట కూర్చోవాలి, ఫైర్‌వైర్ కేబుల్ కావాలి, గంటకు దాదాపు 13 జీబీ చోటు కావాలి.

మెమరీ కార్డు ఆ కష్టాన్ని తీర్చి, ఇంకో కష్టాన్ని తెచ్చింది. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ గాని, తరువాత వచ్చిన ఎంపీ4 పద్ధతులు గాని ఎక్కువగా హెచ్.264 కోడెక్‌ను వాడతాయి. మీరు రిజిస్టర్లు రాసేవారు కాబట్టి ఇలా చెబితే తొందరగా అందుతుంది. మొదటి వరుసలో వివరమంతా రాసి, కింది పది పన్నెండు వరుసల్లో ‘పై ప్రకారమే, ఈ ఒక్కటి మారింది’ అని రాసుకుంటూ పోయినట్టు, ఈ కోడెక్ అర సెకనుకో సెకనుకో ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, మిగతావాటిలో మార్పులు మాత్రమే నమోదు చేస్తుంది. కాగితం బాగా ఆదా అవుతుంది గాని, తొమ్మిదో వరుసలో ఏముందో తెలియాలంటే మొదటి వరుస దాకా పోయి చదువుకుంటూ రావాలి. ఎడిటింగులో వీడియో ముక్కలను వరుసగా పేర్చుకునే టైమ్‌లైన్ మీద మీరు మౌసు జరిపిన ప్రతిసారీ కంప్యూటర్ చేసే పని అదే. ‘కొత్త కెమెరా వీడియో ప్లే అవుతుంది గాని ఎడిట్ చేయబోతే ఆగి ఆగి నడుస్తుంది’ అని చాలామంది రాసే ఉత్తరాల వెనక ఉన్న సంగతి ఇంతే.

అయితే హెచ్.264లోనూ రకాలున్నాయి. 8 బిట్, 4:2:0 (రంగుల వివరం ఎంత దాస్తుందో చెప్పే అంకెలివి) అని రాసి ఉండే మామూలు రకాన్ని విప్పడానికి మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లోనే ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది, కాబట్టి భారం పెద్దగా తెలియదు. 10 బిట్, 4:2:2 అని ఉంటే మీ వయసు ల్యాప్‌టాప్‌లో ఆ ఏర్పాటు పనికి రాదు, మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్.265 అయితే కుదింపు ఇంకా గట్టిది, విప్పడం ఇంకా కష్టం. 4కే అంటే 3840 × 2160 చుక్కలు, మామూలు ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. మీకు 4కే అంటగట్టబోయిన వ్యాపారి అబద్ధం చెప్పలేదు, బొమ్మ నిజంగానే బాగుంటుంది. కాకపోతే నాలుగు గంటల కథను ఆ ల్యాప్‌టాప్ మీద కోయవలసింది ఆయన కాదు.

అందుచేత మీరు అడగవలసింది ఇది: ఫుల్ హెచ్‌డీలో, సెకనుకు 25 లేదా 50 ప్రోగ్రెసివ్ (ఒక్కోటీ పూర్తి బొమ్మగా తీసే) ఫ్రేములతో, హెచ్.264లో, మామూలు ఎంపీ4 ఫైలుగా, సెకనుకు 50 మెగాబిట్ల దరిదాపుల్లో రికార్డు చేస్తుందా? సోనీ 2013 నుంచి ఎక్స్ఏవీసీ ఎస్ అన్న పేరుతో ఇస్తున్నది ఇలాంటిదే. ఇతర కంపెనీల మెనూల్లో ఎంపీ4 అనే ఉంటుంది. ఏవీసీహెచ్‌డీ ఒక్కటే ఉంటే కొనకూడదని కాదు. కాని దాని గరిష్ఠ బిట్‌రేట్ 28 మెగాబిట్లు, డప్పుల నడుమ వేగంగా ఆడే మనుషుల్ని తీసినప్పుడు అంచుల దగ్గర బొమ్మ చెదిరినట్టు కనిపిస్తుంది. ‘50ఐ’ అని ఉండే ఇంటర్‌లేస్డ్ (బొమ్మలో సగం గీతలు ఒకసారి, మిగతా సగం మరోసారి తీసే) పద్ధతిని మాత్రం వదిలేయండి. పాత టీవీల కోసం పుట్టిన ఆ పద్ధతిలో, కంప్యూటర్ తెర మీద చూస్తే ఊపిన చెయ్యి దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తుంది.

మిర్రర్‌లెస్ కెమెరా మీ పనికి వద్దు. చీకట్లో అది చూపే బొమ్మకు ఈ ధరలో క్యామ్‌కార్డర్ సాటి రాదు, ఒప్పుకుంటాను. కాని పాతవాటిలో చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. అరగంట దాటి రికార్డు చేసే కెమెరాను వీడియో కెమెరాగా లెక్కగట్టి యూరప్‌లో ఎక్కువ సుంకం వేసేవారు, దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న హద్దు అది. ఆ హద్దు లేని కొత్త వాటిలో కూడా గంటల తరబడి నడిపితే వేడెక్కి ఆగిపోయేవి ఉన్నాయి. వేసవిలో నల్లగొండ జిల్లాలో రాత్రి పదింటికి కూడా గోడ ముట్టుకుంటే కాలుతుంది. ఒగ్గు పూజారి కథ ఎత్తుకున్నాక ‘కెమెరా చల్లారాలి, కాసేపు ఆగండి’ అనడం సాధ్యమా?

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. మన పెళ్లి వీడియోల వాళ్ల భుజాల మీద బాగా కనిపించే సోనీ ఎంసీ2500 గట్టిది, బాగుచేసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, కాని సెన్సరు పావు అంగుళమే, హెచ్‌డీ రికార్డింగు ఏవీసీహెచ్‌డీయే. పందిట్లో లైట్లు దండిగా ఉన్నంతసేపు దానికి ఢోకా లేదు, రెండు ఎల్ఈడీ బల్బుల కింద జరిగే మీ కథలకు అది చాలదు. 2015లో వచ్చిన సోనీ ఎన్ఎక్స్100 మీకు దగ్గరగా సరిపోతుందని నా అభిప్రాయం. సెన్సరు ఒక అంగుళం రకం, ఎక్స్ఏవీసీ ఎస్ 50 మెగాబిట్లు, రెండు కార్డుల అరలు, రెండు ఎక్స్ఎల్ఆర్ మైకు పోర్టులు. ఒక కార్డు నిండగానే రెండోదానికి దానంతట అది మారేలా పెట్టుకోవచ్చు, లేదా రెండింటి మీదా ఒకేసారి రాయించుకోవచ్చు. మీ డబ్బుకు వాడినది వెతకండి. 4కేకి మారిపోతున్న స్టూడియోల వాళ్లు ఇలాంటివి అమ్ముతుంటారు.

వాడిన కెమెరా చూడటానికి మీ సొంత కార్డు తీసుకుని వెళ్లండి. మెనూలో అది ఎన్ని గంటలు నడిచిందో చూపే ‘అవర్స్ మీటర్’ ఉందేమో వెతకండి. మీ కార్డును ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేసి, రెండు అరల్లోనూ పది పది నిమిషాలు రికార్డు చేయండి. లెన్సు మూత పెట్టి, గెయిన్ (చీకట్లో బొమ్మను వెలుగు చేసే సర్దుబాటు) పూర్తిగా పెంచి, ఒక నిమిషం తీస్తే సెన్సరులో చెడిపోయిన చుక్కలు ఉంటే తెల్లగా మెరుస్తూ బయటపడతాయి. జూమ్ మీటను నెమ్మదిగా నొక్కినప్పుడు మధ్యలో తడబడితే లోపల దుమ్ము చేరిందని అనుమానించవచ్చు. రెండు మైకు పోర్టులనూ విడివిడిగా పరీక్షించండి, పెళ్లిళ్లలో కేబుల్ లాగి లాగి ఒకటి వదులై ఉండటం మామూలే.

కార్డు విషయంలో లెక్క తేలికే. 50 మెగాబిట్లను 8తో భాగిస్తే సెకనుకు 6.25 మెగాబైట్లు, గంటకు 22.5 జీబీ. నాలుగు గంటల కథకు 90 జీబీ. 128 జీబీ కార్డులో అయిదున్నర గంటలు పడుతుందనుకోండి. కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండే 170, 200 అంకెలు చదివే వేగాలు, వాటిని చూసి మోసపోవద్దు. యూ3 లేదా వీ30 గుర్తు ఉందా అన్నదే చూడండి, సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని దాని అర్థం. 64 జీబీ, అంతకు మించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో అమరుస్తాయి కాబట్టి, 32 జీబీ కార్డులకున్న 4 జీబీ ఫైలు హద్దు వాటికి లేదు. చవగ్గా వచ్చిందని సంతలో కొన్న కార్డు 128 అని రాసుకుని లోపల 16 ఉండవచ్చు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ కార్డంతా నింపి చదివి, ఉన్న సంగతి చెబుతుంది. కొత్త కార్డును ఆ పరీక్ష పెట్టకుండా పనికి తీసుకుపోవద్దు.

కార్డులోంచి కాపీ చేయడం దగ్గర నా సొంత నష్టం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద మిర్యాలగూడలో మా దగ్గరి చుట్టాల పెళ్లి ఏవీసీహెచ్‌డీ కెమెరాతో తీశాను. రెండు కార్డులు నిండాయి. ఇంటికి వచ్చి, ‘ప్రైవేట్’ అనే ఫోల్డరు లోపల, దాని లోపల, ఇంకా లోపల ఉండే ‘స్ట్రీమ్’ ఫోల్డరు తెరిచి, వీడియో ఫైళ్లు మాత్రం ఎంచుకుని ఒకే చోట కాపీ చేశాను. కొత్తగా ఫార్మాట్ చేసిన ప్రతి కార్డులోనూ ఫైళ్ల పేర్లు 00000 నుంచే మొదలవుతాయన్న ఆలోచన రాలేదు. రెండో కార్డు పెట్టగానే ‘ఇదే పేరుతో ఫైళ్లున్నాయి, వాటి స్థానంలో ఇవి పెట్టాలా?’ అని కంప్యూటర్ అడిగింది. అర్ధరాత్రి దాటింది, నిద్ర ముంచుకొస్తోంది, సరే అన్నాను. పొద్దున కార్డులు రెండూ ఫార్మాట్ చేసి ఇంకో పనికి తీసుకుపోయాను. జీలకర్ర బెల్లం మొదటి కార్డులో ఉంది. ఆల్బంలోని ఫొటోల మీద మంత్రాల ధ్వని అతికించి ఆ భాగం పూడ్చాను గాని, ఆ ఇంటికి పోయినప్పుడల్లా మా మేనత్త ఆ మాట ఎత్తకుండా ఉండదు.

అప్పటినుంచి ఒక్కో కార్డుకు తేదీ, కార్డు నంబరుతో ఒక్కో ఫోల్డరు చేసి, కార్డులో ఉన్నదంతా ఉన్నట్టే, ఖాళీగా కనిపించే ఫోల్డర్లతో సహా కాపీ చేస్తాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఏవీసీహెచ్‌డీ కెమెరాలు పొడుగాటి రికార్డింగును రెండు జీబీకో నాలుగు జీబీకో ముక్కలు చేస్తాయి, ఆ ముక్కలు వరుసగా అతుక్కోవడానికి కావలసిన సమాచారం పక్క ఫోల్డర్లలో ఉంటుంది. వీడియో ఫైళ్లను మాత్రమే తెచ్చుకుంటే అతుకు దగ్గర ధ్వని ఒక క్షణం తెగిపోతుంది. మాటల్లో అయితే తెలియకపోవచ్చు, డోలు దెబ్బ మధ్యలో తెగితే ఎవరికైనా తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ అప్పటికీ ఇబ్బంది పెడితే కొత్తది కొనకండి. కేడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ‘ప్రాక్సీ’ అనే సదుపాయం ఉంది. రాత్రి పడుకునే ముందు ఆ బటన్ నొక్కితే, పెద్ద ఫైళ్లకు చిన్న నకళ్లు తయారై ఉంటాయి. మీరు నకలు మీద కోతలు కోసుకుంటారు, చివరికి ఎగుమతి చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ కోతలను అసలు ఫైళ్లకు వర్తింపజేస్తుంది.

ధ్వని గురించి మీరు అడగలేదు గాని, ఒగ్గు కథకు అదే ప్రాణం. కెమెరా ఆటోమేటిక్ ధ్వని సర్దుబాటు డోలు మోగగానే స్థాయి తగ్గించి, మోత ఆగగానే పెంచుతుంది. దాంతో కథకుడి గొంతు మునుగుతూ తేలుతూ వినిపిస్తుంది. దాన్ని మాన్యువల్‌లో పెట్టి, ఒక మైకును కథకుడి ముందు, రెండోదాన్ని వాద్యాలకు కాస్త దూరంగా పెట్టండి, డోళ్ల వైపు చానెల్ స్థాయి బాగా తగ్గించండి. ఊరి సౌండు సెట్టు మిక్సర్ నుంచి తీగ తీసుకుంటే ఆ పోర్టు స్విచ్‌ను ‘మైక్’ నుంచి ‘లైన్’కు మార్చడం మరవొద్దు. మరిస్తే రాత్రంతా రికార్డయ్యేది గరగరే.

ప్రశ్న: మాది జడ్చర్ల. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఒక క్యామ్‌కార్డర్ తెచ్చి ఇచ్చింది. పగలు బాగానే వస్తుంది. రాత్రి బతుకమ్మ ఆట తీస్తే ట్యూబ్‌లైట్ల కింద తెరంతా మిణుకు మిణుకుమంటూ పట్టీలు కదులుతున్నాయి. కెమెరా చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. మన ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు వెలుగు హెచ్చి తగ్గుతుంది, మీ కెమెరా సెకనులో అరవయ్యో వంతు చొప్పున షట్టరు తెరుస్తుంది, ఈ రెండింటికీ పొత్తు కుదరక మిణుకు వస్తుంది. మెనూలో 50 హెర్ట్జ్‌కు మార్చే వీలుంటే మార్చండి. అలా వీల్లేకుండా అమ్మే నమూనాలు చాలా ఉన్నాయి. అప్పుడు షట్టరును చేత్తో 1/100కు పెడితే మిణుకు చాలావరకు పోతుంది. కొన్ని చవక ఎల్ఈడీ సీరియల్ సెట్లు ఏం చేసినా మిణుకుతాయి, వాటి వైపు కెమెరా తిప్పకపోవడమే ఉపాయం. ఎడిటింగులో ప్రాజెక్టును మీ కెమెరా ఫ్రేమురేటులోనే, అంటే 29.97 లేదా 59.94లో, తెరవండి. 25 ఫ్రేముల కెమెరాతో తీసినదాన్ని ఇందులో కలిపితే కదలికలు కుంటినట్టు వస్తాయి. చార్జరు మీద 100–240 వోల్టులని రాసి ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు, పిన్ను మార్చుకుంటే చాలు.

ప్రశ్న: సూర్యాపేట నుంచి రాస్తున్నాను. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరను ఫోనుతో తీశాను. ఫోనులో చూస్తే సరిగ్గానే ఉంది, కంప్యూటర్‌లో ఎడిట్ చేస్తే మొదట బాగుండి, పోను పోను భేరీ మోత ఒక చోట, కొట్టే చెయ్యి ఒక చోట అవుతోంది. ఎందుకని?

జవాబు: ఫోన్లు వెలుతురును, వేడిని బట్టి ఫ్రేమురేటును పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. ఎడిటింగు సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఒకే రేటు ఉందనుకుని లెక్క వేస్తాయి, అందుకే తేడా పోను పోను పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో వేసి ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని మార్చుకుంటే, ఆ వచ్చిన ఫైలు కుదురుగా ఉంటుంది. రెండేళ్లకోసారి వచ్చే జాతర కాబట్టి, వచ్చేసారికి మామూలు క్యామ్‌కార్డర్ ఒకటి అద్దెకు తీసుకోవడం మంచిది. ‘ఓ లింగా’ అన్న కేక ఎక్కడినుంచి లేచినా జూమ్‌తో అందుకోవచ్చు, ఫోనుతో అది కాదు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ జిల్లాలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఒక పెద్దాయన్ని రికార్డు చేశాను. ఆ కార్డులను అలాగే దాచిపెడితే ఎన్నాళ్లుంటాయి?

జవాబు: కార్డును దాచుకునే పెట్టెగా అనుకోవద్దు. అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది, ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అది నెమ్మదిగా కారిపోతుంది. కార్డులోని ఫోల్డర్లన్నీ ఉన్నవున్నట్టు రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి తీసి, ఒకటి ఇంట్లో, ఇంకోటి ఇంకో ఊళ్లో ఉంచండి. ఏడాదికోసారి రెండింటినీ తెరిచి కొన్ని ఫైళ్లు నడిపి చూడండి. ఎడిట్ చేసి కుదించిన వీడియో ఉన్నదని అసలును తుడిచేయొద్దు, అయిదారేళ్ల తరువాత మెరుగైన సాఫ్ట్‌వేర్‌తో గాలి హోరు తీసేయవలసి వస్తే అసలే కావాలి. ఇకమీద రికార్డింగు మొదట్లో ఆ పెద్దాయన చేతనే తన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఆనాటి తేదీ చెప్పించండి. ఫైలు పేరు మారిపోయినా, ఫోల్డరు ఎక్కడికో పోయినా, ఆ వివరం ఆయన గొంతుతో వీడియోలోనే ఉంటుంది.